అమ్మవారి ముక్కు అరగకుండా

నాలుగు తరాలుగా పూజలందుకుంటున్న ఇత్తడి లక్ష్మీదేవిని చేతిలోకి తీసుకుని వెలుతురులో చూడండి. కూర్చున్న పద్మం రేకులు పదునుగానే ఉంటాయి. వీపు మీద జడ అల్లిక కూడా తెలుస్తూనే ఉంటుంది. ముఖం మాత్రం గోలీకాయలా నున్నగా ఉంటుంది. కళ్ళెక్కడో, ముక్కెక్కడో తడిమి తెలుసుకోవాలి. కాలం తినేసిందని సరిపెట్టుకుంటాం గానీ, కాలం తినేదైతే జడనూ తినాలిగా! చింతపండు, ఇటుక పొడి, కొబ్బరి పీచు కలిసి చేసిన పని ఇది. ఎవరు తోమినా ముందు బొటనవేలు పడేది ముఖం మీదే. అమ్మవారి ముఖం తళతళలాడాలన్న తాపత్రయంతో వారం వారం ఇంతింత లోహాన్ని మనమే గీకి తూములో పోశాం.

ఇత్తడి విగ్రహాలను నిర్లక్ష్యం కన్నా అతిశ్రద్ధే ఎక్కువగా పాడుచేస్తుంది. తుడవడం తరచుగా, తోమడం అరుదుగా జరగాలి. ఈ అధ్యాయంలో తక్కినదంతా ఆ రెంటి మధ్య తేడాను ఇంట్లో ఎలా పాటించాలన్నదే.

"తోమకపోతే అపచారం కదండీ" అనేవాళ్ళుంటారు. తిరుమల సంగతి చూడండి. అక్కడ ఏటా జ్యేష్ఠ మాసంలో మూడు రోజులు జ్యేష్ఠాభిషేకం చేస్తారు. తరతరాల తిరుమంజనాలకూ ఊరేగింపులకూ మలయప్పస్వామి, శ్రీదేవి, భూదేవి ఉత్సవమూర్తులు అరిగిపోకుండా కాపాడుకోవడమే దాని ఉద్దేశం. మూడో రోజున తొడిగిన బంగారు కవచం మళ్ళీ ఏడాది జ్యేష్ఠాభిషేకం దాకా ఉంటుంది. అంత పెద్ద గుడిలోనే అరుగుదల గురించి ఆలోచించి ఏర్పాటు చేసుకున్నప్పుడు, మన దేవుడి గూట్లో ఆలోచిస్తే తప్పేముంది? భాగవతం ఏకాదశ స్కంధం 27వ అధ్యాయంలో కృష్ణుడు ఉద్ధవుడికి పూజావిధానం చెబుతూ ప్రతిమలు ఎనిమిది రకాలంటాడు. రాయి, కొయ్య, లోహం, మట్టిపూత, చిత్రం, ఇసుక, మణి, చివరికి మనసులో ఊహించుకున్నది కూడా. వెంటనే, అన్నిటికీ స్నానం చేయించనక్కర్లేదని, పూతతో చేసినవాటిని తుడిస్తే చాలనీ అంటాడు. దేంతో చేశారో చూసి సేవ చెయ్యమన్న మాట మన పెద్దలకు కొత్తేమీ కాదు.

కాబట్టి ముందుగా మీ ఇంట్లో ఉన్నది ఏమిటో తెలుసుకోండి. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. కంచు అయితే రాగి, తగరం. పంచలోహం అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం రాగే, తక్కినవి కొద్దికొద్దిగా కలుస్తాయి. బజార్లో దొరికే ఇత్తడి దేవతామూర్తుల్లో చాలా మటుకు ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్, అలీగఢ్ పోతపనివి. తమిళనాట కుంభకోణం పక్కనున్న స్వామిమలైలో స్థపతులు చేసే పంచలోహ విగ్రహాల దారి వేరు. మైనంతో బొమ్మ చేసి, దాని మీద మట్టి మెత్తి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోస్తారు. మట్టి అచ్చు పగలగొడితేనే విగ్రహం బయటికొస్తుంది కాబట్టి ఒక అచ్చుకు ఒక్కటే మూర్తి. 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్యరాజు సోమేశ్వరుడు రాసిన మానసోల్లాసంలోనే ఈ విధానం ఉంది. పోత అయ్యాక కనుబొమలు, కంటిరెప్పలు, పెదవులు చిన్న ఉలితో చేత్తో దిద్దుతారు. ఆ గీతలు చాలా పైపైన ఉంటాయి. మనం తోమేటప్పుడు ముందు పోయేవి అవే.

మన దగ్గర పెంబర్తి పనితనం మరోరకం. జనగామ జిల్లాలోని ఆ ఊళ్ళో ఇత్తడి రేకును వెనకనుంచి కొట్టి బొమ్మను ఉబ్బెత్తుగా తేలుస్తారు. వరలక్ష్మీ వ్రతానికి కలశానికి కట్టే అమ్మవారి ముఖాలు చాలావరకు ఇలాంటి రేకు పనివే. పోత విగ్రహాన్ని పట్టినట్టు వీటిని గట్టిగా పట్టి తోమితే చెంప లోపలికి సొట్టపోతుంది. దాన్ని సరిచెయ్యడం ఇంట్లో అయ్యే పని కాదు.

కొనేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం ఉంటే మేలు. ఇత్తడికి అది అంటుకోదు. అంటుకుంటే లోపల ఇనుము, పైన ఇత్తడి పూత. మరీ తేలిగ్గా ఉంటే అల్యూమినియానికి రంగేసి ఉండొచ్చు, అల్యూమినియం కన్నా ఇత్తడి మూడింతలు బరువు. ఎంత పెద్దది కొనాలన్న సందేహానికి మత్స్యపురాణం జవాబు చెప్పింది. ఇంట్లో పూజకు బొటనవేలి కణుపు మొదలు జానెడు దాకా. ఇంటి పని చేసుకునే మనిషిగా ఆలోచించినా ఇది మంచి కొలతే. జానెడు విగ్రహాన్ని ఒక చేత్తో పట్టుకుని కడగొచ్చు. మూడడుగుల దుర్గమ్మను డ్రాయింగ్ రూములో నిలబెడితే మాసినప్పుడు సింకు దాకా మోయడానికి ఇద్దరు కావాలి, ఆ ఇద్దరూ దొరక్క ఆవిడ అలాగే దుమ్ముకొట్టుకుని ఉంటుంది.

అసలు ముఖ్యమైన పరీక్ష ఇంకొకటుంది. ఈ రోజుల్లో కొత్త విగ్రహాల మీద చాలావాటికి పారదర్శకమైన లాకర్ పూత వేస్తున్నారు. షాపులో మెరుపు తగ్గకుండా ఉండటానికి. మాసిన విగ్రహానికి పీఠం అడుగున, ఎవరికీ కనబడని చోట, ఒక్క చుక్క నిమ్మరసం వేసి రెండు నిమిషాలాగి కడిగేయండి. అక్కడ రంగు తేలితే వట్టి ఇత్తడి. ఏ మార్పూ లేకపోతే పూత ఉన్నట్టే. పూత ఉన్నదాన్ని తోమకూడదు. తడిగుడ్డతో తుడిచి పొడిగుడ్డతో ఒత్తితే చాలు. తోమితే పూత అక్కడక్కడ లేచిపోయి, లేచినచోట నల్లబడి, మచ్చలమచ్చలుగా తయారవుతుంది. చాలామంది "ఎంత తోమినా మచ్చ పోవట్లేదు" అని బాధపడేది ఇందుకే. మచ్చ పూత కింద ఉంటే చింతపండు దాకా వెళ్ళదు. అప్పుడు గోళ్ళరంగు చెరిపే అసిటోన్‌ను దూదితో అద్ది, కిటికీలు తెరిచి, దీపాలూ పొయ్యీ ఆర్పి, పూతనంతా తీసేయాలి.

"యాంటిక్ ఫినిష్" అని అమ్మేవి వేరే రకం. గీతల్లో నలుపు దిగేలా మందుతో కావాలని నల్లబరిచి, ఎత్తుగా ఉన్నచోట్ల మాత్రం మెరుగు పెడతారు. నగల గీతలు, చీర కుచ్చెళ్ళు కంటికి ఆనేది ఆ నలుపు వల్లే. ఒక్కసారి చింతపండు పట్టించారంటే ఆ నలుపంతా వదిలి బొమ్మ చప్పగా పసుపుముద్దలా తేలుతుంది. దాన్ని మళ్ళీ తెప్పించడం కష్టం.

ఇక ఇత్తడి ఎందుకు మాస్తుందో కొంచెం తెలిస్తే సగం పని తేలికవుతుంది. గాలిలోని ఆక్సిజన్, తేమ, గంధకపు వాయువులు ఇత్తడిలోని రాగితో కలిసి గోధుమరంగు, తర్వాత నలుపు పొర కడతాయి. ఈ పొర పలచగా, అంతటా సమంగా ఉంటే హాని లేదు, పైగా అడుగు లోహాన్ని కొంత కాపాడుతుంది. పచ్చటి కిలుము సంగతి వేరు. తడి, ఉప్పు, పులుపు నిలిచినచోట అది పుడుతుంది. దీపపు కుందుల్లో పచ్చగా జిడ్డుగా పేరుకునేది కూడా ఇలాంటిదే, నూనె పాతబడి దానిలోని ఆమ్లాలు రాగితో కలిసి ఏర్పడేది. నలుపు వస్తే కంగారుపడకండి. పచ్చదనం కనిపిస్తే ఆలస్యం చెయ్యకండి. లేతపచ్చని పొడి తుడిచినచోటే మళ్ళీ మళ్ళీ పుట్టుకొస్తుంటే లోపల ఉప్పు చిక్కుకుందని అర్థం. శుభ్రమైన నీళ్ళలో నానబెట్టి, నీళ్ళు మార్చి మార్చి ఆ ఉప్పును దింపాలి.

చింతపండులోని టార్టారిక్ ఆమ్లం, నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం ఆ నల్లపొరను కరిగిస్తాయి. అందుకే ఆ మాయ. పొర పోయాక కూడా అవి ఊరుకోవు. ఎక్కువసేపు ఉంచితే ఇత్తడిలోని జింకు ముందుగా కరిగిపోయి పైన రాగి మిగులుతుంది. నిమ్మచెక్కతో తోమాక విగ్రహం గులాబీరంగు తిరగడం మీరు చూసే ఉంటారు. అది మెరుపు కాదు, జింకు పోయిన గుర్తు. దానికి ఉప్పు జోడిస్తే పని ఇంకా తొందరగా అవుతుంది, కిలుముకు విత్తనమూ పడుతుంది. ఉప్పూ నిమ్మకాయా కలిపి ఇత్తడి తోమే చిట్కా ఎవరు చెప్పినా వినకండి.

వారానికోసారి చెయ్యాల్సింది చాలా చిన్న పని. ముందు పొడిగా ఉండే మెత్తటి బ్రష్షుతో, పసిపిల్లల టూత్‌బ్రష్ అయితే మరీ మంచిది, గీతల్లోని కుంకుమ, అక్షింతల ముక్కలు, పూలరెక్కలు దులిపేయాలి. గట్టిపడిన కుంకుమను వెదురుపుల్లతోగానీ కొబ్బరీనెతోగానీ తీయాలి. పిన్నీసు, సూది దగ్గరికి రానివ్వద్దు. తర్వాత పాత నూలు పంచె ముక్కను తడిపి గట్టిగా పిండి ఒకసారి, పొడిముక్కతో ఒకసారి. ఒక్కో విగ్రహానికి ఐదు నిమిషాలు. కుంకుమార్చన చేసే ఇళ్ళలో అర్చన అంతా మూర్తి మీదే పోయకుండా పాదాల దగ్గరో, ముందున్న చిన్న పళ్ళెంలోనో జరిపితే ఈ ఐదు నిమిషాలు రెండవుతాయి. వాడిన పూలను రాత్రంతా విగ్రహం మీద ఉంచకండి. తడిపూల కింద తెల్లవారేసరికి మచ్చ పడుతుంది.

జిడ్డు, దీపపు మసి పట్టినప్పుడు గుడ్డ సరిపోదు. అప్పుడు కుంకుడుకాయలు. నాలుగు కాయలు కొట్టి గోరువెచ్చని నీళ్ళలో నానేసి పిసికితే వచ్చే నురుగు జిడ్డును తీస్తుంది, లోహాన్ని గీరదు. కంసాలులు నగలు కడిగేది దీంతోనే. కుంకుడుకాయ దొరకని ఊళ్ళో, దేశంలో ఉంటే గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు. నురుగు నీళ్ళలో మూర్తిని పది నిమిషాలుంచి, బ్రష్షుతో తేలిగ్గా రుద్ది, ధారగా కడగాలి. చివరి కడుగు మాత్రం తాగేనీళ్ళతో. బోరు నీళ్ళతో వదిలేస్తే ఆరాక తెల్లటి చారలు తేలతాయి, అవి పోవాలని మళ్ళీ తోముతారు.

ఆరబెట్టడం దగ్గరే అందరూ తొందరపడతారు. పోత విగ్రహాల్లో చాలావాటికి పీఠం లోపల బోలుగా ఉంటుంది. నీళ్ళు అందులో నిలిచి రోజుల తరబడి బొట్టుబొట్టుగా కారుతూ అడుగంతా పచ్చబరుస్తాయి. తలకిందులు చేసి ఊపి వినండి. చప్పుడొస్తే ఇంకా నీళ్ళున్నట్టే. పొడిగుడ్డ మీద ఒరగబెట్టి ఎండలో గంటసేపుంచండి. వానాకాలమైతే హెయిర్ డ్రయ్యర్ వాడుకోవచ్చు.

ఇక నిజంగా తోమాల్సిన రోజు. ఏడాదికి ఒకట్రెండుసార్లు, ఎక్కువ మాసినప్పుడు. చింతపండు వద్దని నేననను. మన ఇళ్ళలో అంతకన్నా అందుబాటులో ఉన్నదేముంది? కాకపోతే నానేసి, పిసికి, పీచూ గింజా లేకుండా వడగట్టిన పులుసు వాడండి. చేత్తో పూసి, నిమిషం రెండు నిమిషాలకు మించి ఉంచకుండా కడిగేయండి. ముఖానికి చివర్లో పూసి ముందుగా కడగండి. ఆ వెంటనే శనగపిండి నీళ్ళతో ఒకసారి రాసి కడిగితే మిగిలిన పులుపు పోతుంది. బాగా ఆరాక విభూదిని మెత్తటి గుడ్డకు అద్ది పైపైన రుద్దితే చక్కటి పసిమి వస్తుంది. పీతాంబరి లాంటి పొడులు పళ్ళేలకు, చెంబులకు బాగుంటాయి. సన్నని పనితనమున్న ముఖాలకు వాడకపోవడమే నయం, గీతల్లో ఇరుక్కున్న పొడి ఆరాక తెల్లగా కనిపిస్తుంది కూడా. ఇటుక పొడి, ఇసుక, ముగ్గుపిండి, స్టీలు పీచు, ఆకుపచ్చ స్క్రబ్బరు, వీటిని విగ్రహాల దగ్గరికి తేవద్దు.

అమ్మోనియా ఉన్న ద్రవాలకు కూడా దూరం. అద్దాలు తుడిచే స్ప్రేలు కొన్నిటిలో అది ఉంటుంది, సీసా మీద చదవండి. దీని వెనక మన దేశంలోనే జరిగిన కథ ఒకటుంది. బ్రిటిష్ సైన్యం ఇత్తడి తూటా గొట్టాలను వానాకాలమంతా గుర్రపుశాలల్లో నిల్వచేస్తే అవి వాటంతటవే పగుళ్ళిచ్చేవి. కారణం చాలాకాలం తెలియలేదు. గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమ్మోనియా, తేమ, సాగగొట్టి తయారుచేసినప్పుడు లోహంలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిస్తే ఇత్తడి పగులుతుందని 1921లో తేల్చారు. కొట్టి తయారుచేసే రేకు ముఖాల్లోనూ ఆ బిగువు మిగిలే ఉంటుంది. పోత మూర్తులకన్నా వాటి విషయంలో ఎక్కువ జాగ్రత్త అందుకే.

అభిషేకం మానమని ఎవరూ అనరు. పాలు, పెరుగు, తేనె పోసిన వెంటనే నీళ్ళు పొయ్యండి, ఆలస్యం వద్దు. తీర్థంగా పుచ్చుకునే పంచామృతం విషయంలో ఒక గట్టి మాట. పోత ఇత్తడిలో కొద్దిగా సీసం కలిసి ఉండే అవకాశముంది. పులిసిన పెరుగు రాగినీ జింకునూ కూడా కరిగిస్తుంది. కళాయి లేని ఇత్తడి గిన్నెలో చారు పెట్టకూడదని పెద్దవాళ్ళు చెప్పింది ఈ భయంతోనే. విగ్రహాన్ని పంచామృతంలో గంటల తరబడి నాననిచ్చి దాన్ని పిల్లలకు తాగించకండి. ప్రసాదం కోసం కొంత ముందే వెండి గిన్నెలోకో స్టీలు గిన్నెలోకో తీసి నైవేద్యం పెట్టండి.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళకు ఉప్పుగాలి వల్ల ఇదంతా రెండింతల పని. రోజూ పూజ జరగని, షోకేసులో ఉండే సరస్వతీ దుర్గలకు అక్కడ పలచగా తేనెమైనం పూసి గుడ్డతో మెరుగు పెడితే ఎంతో తేడా ఉంటుంది. కొబ్బరినూనె రాయమని చెబుతారు గానీ దానికి దుమ్ము అంటుకుంటుంది, కొన్నాళ్ళకు పచ్చబడుతుంది. అమెరికాలో ఉన్న పిల్లలకు సూట్‌కేసులో లక్ష్మీదేవిని పంపే తల్లిదండ్రులు ఒక మాట చెప్పి పంపండి: డిష్‌వాషర్లో వెయ్యొద్దని. నవ్వకండి, వేసినవాళ్ళున్నారు. దాచిపెట్టేటప్పుడు న్యూస్‌పేపర్, ప్లాస్టిక్ కవరు, ఉన్ని గుడ్డ వద్దు. ఉతికిన నూలుగుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లం ఒకటి పక్కన పెట్టండి. గుడ్డ ఊడకుండా రబ్బరు బ్యాండు వేస్తే దానిలోని గంధకం వల్ల నల్లగీత పడుతుంది, దారంతో కట్టండి. వీణ మెడ, త్రిశూలం కొన, పాశాంకుశాలు పట్టిన చేతులు తరచుగా విడిగా చేసి అతికినవి. ఎత్తేటప్పుడు ఎప్పుడూ పీఠం పట్టుకుని ఎత్తాలి.

ఇంత చెప్పినా ఇవన్నీ తారుమారయ్యే రోజు ఒకటుంది. శ్రావణ పూర్ణిమకు ముందొచ్చే శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం. దాని ముందు గురువారం సాయంత్రం. మంగళ, శుక్రవారాల్లో దేవుడి సామాను తోమకూడదన్న ఆచారం వల్ల అంతా గురువారం మీద పడుతుంది. పూర్ణాల పప్పు ఉడుకుతుంటుంది, తోరాలు కట్టాలి, ఆఫీసు నుంచి అప్పుడే వచ్చిన ఇల్లాలు ఒక్కతే సింకు దగ్గర నిలబడి కుందులు, పళ్ళేలు, గంట, అమ్మవారు అన్నిటినీ ఒకే స్టీలు పీచుతో, ఒకే ఊపులో తోమేస్తుంది. విగ్రహానికి ఏడాదిలో జరిగే నష్టంలో సగం ఆ గంటలోనే జరుగుతుంది. ఇది తెలియక జరిగేది కాదు, అలసట వల్ల జరిగేది. చిట్కాలు ఎన్ని చదివినా అలసిన చెయ్యి వాటిని గుర్తుపెట్టుకోదు. కాబట్టి మార్చాల్సింది వేళను. విగ్రహాల పనిని పండగ నుంచి విడదీసి, పది రోజుల ముందు ఒక ఆదివారం మధ్యాహ్నం పెట్టుకోండి. శరన్నవరాత్రులకూ, సంక్రాంతి బొమ్మల కొలువుకూ అదే లెక్క. ముందురోజు పొడిగుడ్డతో ఒక తుడుపు చాలు.

ఆ ఆదివారం పని ఇల్లాలి ఒక్కదానిది కావడానికీ వీల్లేదు. మంత్రాలు చదవడానికి పట్టుబట్ట కట్టుకుని కూర్చునే మగవారు గుడ్డముక్క పట్టుకోవడానికి ఎందుకు వెనకాడతారో నాకు ఎప్పటికీ అర్థం కాదు. గుళ్ళో స్వామికి తిరుమంజనం చేసేది అర్చకులే కదా! పిల్లలకు బ్రష్షు ఇవ్వండి. అన్నపూర్ణ చేతిలో గరిటె ఎందుకుందో, కామాక్షి చెరకు విల్లు ఎందుకు పట్టిందో, దుర్గ పాదం కింద ఉన్నదెవరో గీత గీతా శుభ్రం చేస్తూ వాళ్ళే అడుగుతారు. విడిగా కూర్చోబెట్టి చెబితే వినని కథలు అప్పుడు వింటారు.

ఎంత జాగ్రత్తపడ్డా చెయ్యి జారొచ్చు. చెయ్యి విరిగిన మూర్తిని చెట్టు కింద వదిలేసి రావడం, కాలవలో పడెయ్యడం మనకు అలవాటైపోయింది. పూజలో ఉంచాలా వద్దా అన్నది మీ పురోహితుణ్ణీ ఇంటి పెద్దల్నీ అడగండి. లోహం మాత్రం చెత్త కాదు. టంకం పెట్టి అతకడానికో, కరిగించి కొత్తది పోయడానికో మీ ఊళ్ళో ఇంకా ఒక కంచరి ఉన్నాడేమో వెతకండి. స్టీలు గిన్నెలు వచ్చాక ఆ వృత్తిలో చాలామందికి పని తగ్గిపోయింది. విరిగిన మూర్తిని అతని దగ్గరికే తీసుకెళ్ళండి, అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి.